అన్న గురించి చెప్పిన సాక్ష్యం

మాస్టారికి యాభై రెండేళ్ళు వచ్చేదాకా సిగ్గంటే ఏమిటో పెద్దగా తెలియదు. తెలియాల్సిన పని పడలేదు. తాగడు, ఒకరిని తిట్టడు, ఒకరి జోలికి పోడు. ఆసుపత్రులకు బట్టలు కుట్టి పంపే ఒక పెద్ద హాల్లో ఆయన కటింగ్ మాస్టారు. డాక్టర్ల తెల్లకోట్లు, నర్సుల యూనిఫారాలు, దిండు గలేబులు, రోగులకు తొడిగే గౌన్లు, ఏదైనా ఆయన గీసిన సుద్దగీత మీదుగానే కత్తెర నడవాలి. పదిహేడు మిషన్ల మోతలోనూ ఆయన గొంతు పెంచగా విన్నవాళ్ళు లేరు. అందరూ మాస్టారూ అని పిలిచి పిలిచి, అసలు పేరు హాజరు పట్టీలో మాత్రమే మిగిలింది.

ఆయనకు ఒక అన్న. ఎనిమిదేళ్ళు పెద్ద. కరెంటు లైన్‌మన్‌గా చేసేవాడు. తండ్రి తొందరగా పోతే తమ్ముణ్ణి చంకనేసుకుని పెంచింది ఆ అన్నే. పెళ్ళి చేసుకోలేదు. ఎవరైనా కదిపితే, "నా సంసారమంతా స్తంభాలతోనే. ఎక్కడ తిరిగొచ్చావని అవి అడగవు" అనేవాడు. ప్రార్థన మందిరం లోపల ఆయన కూర్చున్నది తక్కువ. ఆదివారం పూట బయట మెట్లమీద చేరి, తెగిపోయిన మైకు వైర్లు అతుకుతూ, లోపలి పాటలకు కాలు ఊపుతూ ఉండేవాడు. తమ్ముడు బయటికొచ్చి, "లోపలికి రా అన్నయ్యా" అంటే, "ఇక్కడికీ వినపడుతోందిరా. ఆయనకీ నేను కనపడుతూనే ఉన్నాను" అనేవాడు.

పదకొండేళ్ళ కిందట, వాన వెలిసిన ఒక పొద్దున, స్తంభం మీద ఆయన పట్టుకున్న క్లాంపు తుప్పుపట్టి ఊడివచ్చింది. మెడ దగ్గర వెన్నుపూస చితికింది. అప్పటినుంచి మెడకింది ఒళ్ళంతా ఆయనది కాకుండా పోయింది. తల తిప్పగలడు. కుడిచెయ్యి మోచేతిదాకా లేస్తుంది గానీ వేళ్ళకు పట్టు లేదు. మాట మాత్రం మునుపటిలాగే ఉంది. కాస్త పదునెక్కింది కూడా.

తమ్ముడు రెండో ఆలోచన పెట్టుకోకుండా ఇంటికి తెచ్చుకున్నాడు. గాలీ వెలుతురూ వచ్చే వీధిగది అన్నకిచ్చి, తానూ భార్యా వెనకగదిలో సర్దుకున్నారు. రోజూ పొద్దున ఆరింటికి గిన్నెతో గోరువెచ్చటి నీళ్ళు, రెండు మెత్తటి గుడ్డలు, సబ్బు పట్టుకుని ఆ గదిలోకి వెళ్ళేవాడు. దుప్పటి లాగేసి, చొక్కా విప్పి, రాత్రి చేసుకున్నదంతా ఎత్తి, నడుం దగ్గర్నుంచి మడమల దాకా తుడిచి, ఒకపక్కకు ఒత్తిగిలబెట్టి వీపు చూసి, ఎర్రబడ్డచోట నూనె రాసి, దిండ్లు మార్చి, అప్పుడు పనికి బయలుదేరేవాడు. సాయంత్రం వచ్చాక మళ్ళీ ఒకసారి. పదకొండేళ్ళలో ఆ ఒంటిమీద లోతైన పుండు పడింది రెండేసార్లు. ఆసుపత్రి నర్సులే నమ్మలేదు.

ఇదంతా నిజమే. మాస్టారు చెయ్యనిది చేశానని ఏనాడూ చెప్పలేదు. చిక్కు వేరేచోట ఉంది.

ఆదివారం ఆదివారం పాస్టరుగారు చెప్పే మాట ఒకటే. రక్షణ దేవుడు ఊరికే ఇచ్చేది, మనిషి తన మంచిపనులతో సంపాదించుకునేది కాదు, నమ్మి చెయ్యి చాచడమే మనవంతు అని. మాస్టారు తల ఊపేవాడు. నిలబెట్టి అడిగితే పొల్లుపోకుండా అప్పజెప్పేవాడు. కానీ ఆ మాట చెవి దాటి లోపలికి దిగలేదు. ఊరికే వచ్చేదాన్ని ఆయన నమ్మలేడు. కొలతలివ్వకుండా చొక్కా కుట్టించుకున్నవాడు ఎక్కడైనా ఉన్నాడా? అందుకని పైకి కృప అంటూనే లోలోపల అన్న గదిని పట్టుకుని వేలాడాడు. నీళ్ళగిన్నెతో ఆ గడప దాటినప్పుడల్లా ఒక మెట్టు పైకెక్కినట్టుండేది. ఊపిరి బిగబట్టాల్సినంత కష్టమైన రోజున రెండు మెట్లు.

ఆ ఏడు సంఘం మొదలై పాతికేళ్ళు నిండాయి. ఆదివారం ఆరాధన తర్వాత కొందరు సాక్ష్యాలు చెప్పాలనుకున్నారు. పాస్టరుగారు మాస్టారిని పక్కకు పిలిచి, "మీ అన్నగారికి చేస్తున్న సేవ గురించి ఓ పది నిమిషాలు చెప్పండి. కుర్రకారుకి కాస్త ప్రోత్సాహంగా ఉంటుంది" అన్నాడు.

"నేనెందుకండీ, వద్దు" అన్నాడు మాస్టారు. మర్నాడు ఫోనులో అడిగితే ఇంకాస్త మెత్తగా వద్దన్నాడు. మూడోసారి అడిగినప్పుడు వద్దనలేదు.

మైకు పట్టుకోవడం ఆయనకు అదే మొదలు. మొదటి రెండు నిమిషాలు మాట తడబడింది. అంతలో ముందు వరసలో ఒకామె కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. ఆ కన్నీళ్ళు చూశాక మాట జోరందుకుంది. ఏ గుడ్డతో ఏది తుడుస్తాడో చెప్పాడు. వాసన సంగతి చెప్పాడు. పుండు ఎముకదాకా పోతుందేమోనని భయపడ్డ వారం గురించి చెప్పాడు. చంటిపిల్లాడికి కడిగినట్టు కడుగుతానన్నాడు.

"నేను కడుగుతున్నంతసేపూ మా అన్నయ్య కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకుంటాడు. కాళ్ళూ చేతులూ ఆడినన్నాళ్ళు ఈ మెట్లు దాటి లోపలికి రాలేదు. ఒక్క మంచిపని చేసుకోలేకపోయాడు. దేవుడు ఆయన్ని అలా పడుకోబెట్టి, నాకీ సేవ చేసే భాగ్యం ఇచ్చాడు. ఆయన వంతు కూడా నేనే చేస్తున్నాను."

హాలంతా చప్పట్లు. బయటికొస్తుంటే చేతులు పట్టుకుని వదలనివాళ్ళు కొందరు. ఒక ముసలమ్మ ఆయన తలమీద చెయ్యిపెట్టి, "నీ కిరీటం పైన తయారుగా ఉంది నాయనా" అంది. "అంతా ఆయన కృపేనమ్మా" అన్నాడు మాస్టారు. అని, కాళ్ళు నేలమీద ఆనకుండా ఇంటికొచ్చాడు.

పాస్టరుగారు ఆ మాటలన్నీ ఫోనులో వీడియో తీయించి సంఘం గ్రూపులో పెట్టాడు. అది మంగళవారానికి ఎదురింటి పోస్టుమాన్ దాకా వచ్చింది. పోస్టుమాన్ మంచివాడు. ఆ మధ్యాహ్నం డ్యూటీ ముగించుకుని వస్తూ, పాపం, అన్నగారు చూస్తే సంతోషిస్తాడు కదా అనుకుని తిన్నగా వీధిగదిలోకి వెళ్ళాడు. ఆయన ఫోను పట్టుకోలేడు కాబట్టి తానే కళ్ళకెదురుగా పట్టుకున్నాడు. పన్నెండు నిమిషాలు. చెయ్యి నొప్పెట్టినా దించలేదు. చూసే మనిషి దాన్ని ఆపలేడు, చెవులు మూసుకోలేడు, లేచి పోలేడు.

అయిపోయాక పోస్టుమాన్, "మీ తమ్ముడు మనిషి కాదండీ, దేవుడు!" అన్నాడు.

"అవును" అని ఆయన తల గోడవైపు తిప్పుకున్నాడు.

సాయంత్రం మాస్టారు ఎప్పటిలాగే నీళ్ళగిన్నె పట్టుకుని లోపలికొచ్చాడు.

"వద్దు" అన్నాడు అన్న, గోడవైపే చూస్తూ.

"ఏం అన్నయ్యా, చలిగా ఉందా? నీళ్ళు వెచ్చగానే ఉన్నాయి."

"తలుపేశావా? లేకపోతే తీసే ఉంచు. చూసేవాళ్ళెవరైనా వస్తారేమో."

మాస్టారికి అర్థం కాలేదు. అన్న తల ఇటు తిప్పాడు.

"ఇందాక ఎదురింటాయన చూపించాడ్రా. బాగా మాట్లాడావు. నాకే కన్నీళ్ళొచ్చాయి. తుడుచుకోడానికి చెయ్యి లేకపోయింది."

మాస్టారు గిన్నె కింద పెట్టబోయి ఆగాడు. "మంచిగానే చెప్పాను కదన్నయ్యా..." అన్నాడు. తన గొంతు తనకే కొత్తగా వినపడింది.

"నేను పడింది నీకు సేవాభాగ్యం కలగడానికా? తెలీక పదకొండేళ్ళుగా ఆ తుప్పుపట్టిన క్లాంపుని తిట్టుకుంటున్నాను." తల మళ్ళీ గోడవైపు తిప్పుకున్నాడు. "ఒరేయ్, ఈ ఒళ్ళిక నీది కాదని డాక్టరు చెప్పినప్పుడు నేను ఏడవలేదు. సరేలే, నాకు లేకపోతేనేం, తమ్ముడి దగ్గర భద్రంగా ఉంది కదా అనుకున్నాను. నువ్వు దాన్ని తీసుకెళ్ళి మైకు ముందు విప్పి చూపించావు."

మాస్టారికి తల కొట్టేసినట్టయింది. గిన్నె అక్కడే పెట్టి బయటికొచ్చేశాడు. తాను చెప్పిన ఒక్కొక్క మాటా అన్న చెవులతో వినడం మొదలయింది. చంటిపిల్లాడు. వాసన. ఒక్క మంచిపని చేసుకోలేకపోయాడు. తనకు అన్నం కలిపి పెట్టి, పలకమీద చెయ్యి పట్టి దిద్దించి, మొదటి కత్తెర కొనిపెట్టిన మనిషి గురించి ఆ మాట అన్నాడు. అన్నప్పుడు తనకు ఎంత హాయిగా ఉందో కూడా గుర్తొచ్చింది. అదే అన్నిటికంటే ఎక్కువ కాల్చింది.

బుధవారం పొద్దున గది గడపదాకా వెళ్ళి వెనక్కి వచ్చాడు. భార్యను పంపాడు. "అమ్మాయ్, నువ్వు మొహం తుడు, చాలు. మిగతాది ఉండనీ" అన్నాడు బావగారు.

ఆవిడ బయటికొచ్చి భర్తమీద విరుచుకుపడింది. "నువ్వెళ్ళి కాళ్ళు పట్టుకో."

"ఏ మొహం పెట్టుకుని వెళ్ళను?"

"ఉన్న మొహం పెట్టుకునే. ఇంకోటి కుట్టుకొస్తావా?"

అయినా ఆయన వెళ్ళలేకపోయాడు. ఆవిడే రెండు వీధుల అవతల నుంచి, ఆసుపత్రిలో వార్డు పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన్ని బతిమాలి పిలుచుకొచ్చింది. తలుపు సందులోంచి మాస్టారు చూశాడు. పెద్దాయన మాట్లాడకుండా, ముందు ఒక పలచటి దుప్పటి మెడదాకా కప్పాడు. దాని కిందనుంచే చొక్కా తీశాడు. ఒక చెయ్యి బయటికి తీసి తుడిచి, మళ్ళీ దుప్పటి కిందకు పంపాడు. తర్వాత ఇంకో చెయ్యి. తర్వాత కాళ్ళు. ఒక్కసారి కూడా ఆ ఒళ్ళు మొత్తంగా గాలికి రాలేదు. పదకొండేళ్ళుగా తాను దుప్పటి ఒక్క లాగుడు లాగి మూల పడేస్తున్న సంగతి మాస్టారికి అప్పుడు తట్టింది.

చేతులు కడుక్కుంటూ పెద్దాయన అడిగాడు. "గౌను లేదా? ఈ చొక్కాలు తొడగడం విప్పడం మనిషికి నరకం కదా."

"లేదండీ" అంది మాస్టారి భార్య.

"మీవారు ఎక్కడ పనిచేస్తారు?"

ఆవిడ చెప్పింది. పెద్దాయన మాస్టారివైపు ఒకసారి చూసి, ఏమీ అనకుండా చెప్పులు వేసుకున్నాడు. ఏదైనా అనేసి ఉంటే మాస్టారికి ఇంత బాధ ఉండేది కాదు. ఎన్ని వేల గౌన్లు కత్తిరించి ఉంటాడు ఆయన! ఎవరెవరికో, మొహం తెలియనివాళ్ళకి.

గురువారం పని అయ్యాక మాస్టారు ప్రార్థన మందిరానికి వెళ్ళాడు. పాస్టరుగారు ఒక్కడే కుర్చీలు మడిచి గోడకు చేరవేస్తున్నాడు.

"ఒకటి అడగాలండీ. తిన్నగా చెప్పండి. పదకొండేళ్ళు మా అన్నకి చేశాను. అది నా రక్షణకి పనికొస్తుందా, రాదా?"

పాస్టరుగారు మడిచిన కుర్చీని మళ్ళీ విప్పి దానిమీద కూర్చున్నాడు. "రాదు మాస్టారూ. దాన్ని చూపించి లోపలికి పోయేది లేదు."

"మరెందుకు చేసినట్టు?"

పాస్టరుగారు మిగిలిన కుర్చీలవైపు చూశాడు. ప్రసంగంలో చెప్పే జవాబు వెతుక్కుంటున్నాడేమో అనుకున్నాడు మాస్టారు. చివరికి, "మీ అన్నగారి ఒళ్ళు రోజూ మురికవుతుంది కాబట్టి" అన్నాడు పాస్టరుగారు.

మాస్టారు నిలబడే ఉన్నాడు.

"మంచిపనులు వద్దనట్లేదు నేను. అవి లేని నమ్మకం ఉత్త నోటిమాటే. కానీ ఎవరికోసం చేశామో అది వాళ్ళకే చేరాలి. మధ్యలో మనం తీసేసుకుంటే వాళ్ళకి ఏం మిగుల్తుంది?" అని తల దించుకున్నాడు. "మీకు చెప్పే అర్హత నాకు లేదులెండి. పదింటికి కృప గురించి ప్రసంగం చేసి, పదకొండింటికి మిమ్మల్ని మైకు దగ్గరికి పిలిచింది నేనే. ముందుగా చప్పట్లు కొట్టిందీ నేనే. మీ అన్నగారిని ఒకమాట అడగాలని నాకూ తట్టలేదు. నేనొచ్చి క్షమించమని అడుగుతాను."

"ముందు నన్ను అడగనివ్వండి" అన్నాడు మాస్టారు.

పాస్టరుగారు అక్కడే ఫోను తీసి ఆ వీడియో గ్రూపులోంచి తొలగించాడు. అప్పటికే అది ఎన్ని ఫోన్లలోకి పోయిందో ఇద్దరికీ తెలియదు.

శుక్రవారం మధ్యాహ్నం అందరూ భోజనాలకు లేచాక, మాస్టారు మేనేజరును అడిగి మెత్తటి నూలుగుడ్డ తీసుకున్నాడు. కటింగ్ బల్లమీద పరిచాడు. సుద్ద చేతిలోకి తీసుకున్నాక ఆగిపోయాడు. అన్న కొలతలు తనకు తెలియవు. పూటపూటా తుడిచిన ఒళ్ళు. భుజమెంతో, ఛాతీ ఎంతో చెప్పమంటే చెప్పలేడు. కళ్ళు మూసుకుని గుర్తు తెచ్చుకుని గీశాడు. భుజాల దగ్గరా రెండు పక్కలా నాడాలు పెట్టాడు, ఎక్కడికక్కడ విప్పుకునేలా. అంచులు ఒంటికి గుచ్చుకోకుండా లోపలికి రెండుమడతలు వేసి తానే మిషనెక్కి కుట్టాడు.

శనివారం వార్డు పెద్దాయనకు వేరే పని ఉందట, రాలేనని ముందురోజే చెప్పాడు. ఆరింటికి మాస్టారు నీళ్ళు పట్టుకుని గడప దాటాడు. వెనక తలుపు వేశాడు.

"ఆ పెద్దాయన రాలేదా?"

"రాలేదు. నేనొచ్చాను."

మాస్టారు గిన్నె కింద పెట్టి మంచం పక్కన గచ్చుమీద కూలబడ్డాడు.

"తప్పు చేశానన్నయ్యా. రేపు ఆదివారం. అందరి ముందూ నిలబడి, నేను చెప్పింది తప్పని చెప్తాను. గొప్పకోసం చెప్పానని ఒప్పుకుంటాను."

"ఒరేయ్ చిన్నోడా, నీకు దణ్ణం పెడతాను. నన్ను మళ్ళీ మైకు దగ్గరికి తీసుకెళ్ళకు."

మాస్టారు నాలుక కరుచుకున్నాడు. ఒప్పుకోలు కూడా ఒక సాక్ష్యమే అవుతుందని, దానికీ ఎవరో ఒకరు కళ్ళు ఒత్తుకుంటారని ఆయనకు తట్టనేలేదు.

"మరి నన్నేం చెయ్యమంటావు?"

"ఏమీ చెయ్యొద్దు. అదొక్కటే నీకు రాదు." అన్న పైకప్పువైపు చూస్తూ అన్నాడు. "కళ్ళు మూసుకునేది ప్రార్థనకి కాదురా."

"మరి?"

"సిగ్గు. నీకు ముక్కు తుడిచినవాణ్ణి నేను. నిన్ను భుజాలమీద ఎక్కించుకుని ఊరంతా తిప్పినవాణ్ణి. రోజూ ఆరు కొట్టేసరికి ఎక్కడికైనా పారిపోవాలనిపిస్తుంది. నాకున్న దారి ఒకటే, రెప్పలు మూసుకోవడం. నువ్వు దాన్ని ప్రార్థన అన్నావు."

మాస్టారు మోకాళ్ళమధ్య తల పెట్టుకున్నాడు. భూమి చీలి తనను లోపలికి తీసుకుంటే బాగుండుననిపించింది. చీలలేదు. గచ్చు చల్లగా తగులుతోంది.

"నా సంగతి చెప్పు నువ్వు" అన్నాడు అన్న. ఈసారి గొంతులో వేడి తగ్గింది. "నేను చెయ్యగల మంచిపని ఏముంది? లేచి ఒకడికి గ్లాసుడు నీళ్ళివ్వలేను. పరలోకం గేటు దగ్గర, ఏదీ నీ చేతులు చూపించు అన్నారనుకో. ఏం చూపించను?"

మాస్టారు తన చేతులవైపు చూసుకున్నాడు.

"నాకు ఊరికే ఇస్తేనే వస్తుంది. ఇంకో దారి లేదు. పడిన కొత్తలో అదీ కష్టంగానే ఉండేది. నీ చేతి అన్నం తినడం, నీ చేత కడిగించుకోవడం, అన్నీ ఊరికే. పుచ్చుకోగా పుచ్చుకోగా కాస్త అలవాటయింది. దేవుడి దగ్గరా అంతే కదా అనుకున్నాను. నీకే పాపం, రెండు చేతులూ ఉన్నాయి."

వీధిలో ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ పోయారు. మాస్టారు మొహం తుడుచుకుని లేచాడు. దుప్పటి మెడదాకా కప్పి, దాని కిందనుంచే చొక్కా తీశాడు. చెయ్యి అలవాటు లేక రెండుసార్లు చిక్కుకుంది. ఒక్కొక్క భాగమే బయటికి తీసి తుడిచాడు. ఎప్పుడూ పట్టే సమయానికి రెండింతలు పట్టింది. అన్న కళ్ళు మూసుకున్నప్పుడు తానూ చూపు కిటికీవైపు తిప్పుకున్నాడు. అయ్యాక సంచిలోంచి గౌను తీసి తొడిగి నాడాలు కట్టాడు.

అది అన్నమీద గుడారంలా నిలబడింది. మెడ జారిపోయింది, భుజాలు రెండూ నాలుగేసి వేళ్ళ వెడల్పున బయటికి వేలాడాయి.

"ఎవరిదిరా ఇది?"

"నీదే."

"నేను స్తంభాలెక్కే రోజుల్లో కొలిచావా?"

అన్న నవ్వాడు. ఆ నవ్వు దగ్గులోకి దిగి, మళ్ళీ నవ్వులోకి వచ్చింది. మాస్టారు నవ్వలేకపోయాడు. తన కళ్ళముందే కరిగిపోయిన మనిషిని తాను చూడలేదని ఆ గౌను చెబుతోంది. సంచిలోంచి టేపు తీసి, వంగి, మొదటిసారి అన్న భుజం కొలిచాడు.

సోమవారానికి సరిచేసి తెచ్చాడు. ఈసారి కుదిరింది. నాడాలు కట్టేసి పక్కన నిలబడ్డాడు. ఎందుకు నిలబడ్డాడో ముందు అన్నకే అర్థమయింది.

"బాగుంది. ఇది కూడా ఎక్కడా చెప్పుకోకు."

మాస్టారి మొహం ఎర్రబడింది. ఒక మెచ్చుకోలు కోసం వేచి ఉన్నానని ఆ మాట వినేదాకా ఆయనకే తెలియదు.

అది అంత తేలిగ్గా పోయే జబ్బు కాదు. గ్రూపులోంచి తీసేసినా ఆ వీడియో ఫోన్ల వెంట తిరుగుతూనే ఉంది. బస్టాపులో ముక్కూమొహం తెలియనివాళ్ళు దగ్గరికొచ్చి, "మీరేనా సార్, అన్నగారికి..." అని చేతులు జోడించేవాళ్ళు. ఒకప్పుడు ఆ మాటకు ఒళ్ళు పొంగేది. ఇప్పుడు ఎవరో నడివీధిలో చెంప చెళ్ళుమనిపించినట్టుండేది. వివరంగా చెప్పబోతే మళ్ళీ అన్న గదే వీధిలోకి వస్తుంది. చెప్పకపోతే తనకు చెందని పేరు తీసుకున్నట్టవుతుంది. "ఆ మాట మా అన్నయ్యకి ఇష్టం లేదండీ" అని బస్సు వచ్చినా రాకపోయినా రోడ్డువైపు నడిచేవాడు.

పాస్టరుగారు వచ్చి వీధిగదిలో అరగంట కూర్చుని వెళ్ళాడు. వాళ్ళిద్దరూ ఏం మాట్లాడుకున్నారో మాస్టారు అడగలేదు. తర్వాత నెలకోసారి వచ్చేవాడు, ఎక్కువగా మైకు వైర్లు ఎందుకు కాలిపోతున్నాయో అడగడానికి.

ఇక మాస్టారి లోపలి మెట్లంటారా, అవీ ఒక్కరోజులో కూలిపోలేదు. కొన్ని పొద్దుల్లో తుడుస్తూ తుడుస్తూ ఉండగానే పాత మెట్టు కాలికి తగిలేది. ఎవరు చేస్తారు ఇలా, అని లోపల ఒక గొంతు లేచేది. ఒకరోజు ఉండబట్టలేక అన్నకు చెప్పేశాడు. అన్నకు అది భలే వేళాకోళం దొరికింది. అప్పటినుంచి మధ్యమధ్య కళ్ళు మూసుకునే అడిగేవాడు.

"ఎక్కావా ఇవాళ?"

"ఒక మెట్టు."

"దిగు. నీళ్ళు చల్లారిపోతున్నాయి."

ఆ తర్వాత రెండున్నరేళ్ళు బతికాడు అన్న. చివరికి ఊపిరితిత్తులకు నెమ్ము చేసి, నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉండి, ఒక మధ్యాహ్నం వెళ్ళిపోయాడు. మూడోరోజున కాస్త తెలివి ఉన్నప్పుడు తమ్ముడివైపు తల తిప్పి, "నీకు ఒక్కసారి కూడా మంచిమాట చెప్పలేదు కదరా నేను" అన్నాడు. "చెప్పకు అన్నయ్యా" అన్నాడు మాస్టారు. నిజంగానే వద్దనుకుని అన్నాడు. అన్న సరేనన్నట్టు కళ్ళు వాల్చాడు.

భూస్థాపన రోజున పాస్టరుగారు చనిపోయిన మనిషి గురించే మాట్లాడాడు. మందిరం మెట్లమీద కూర్చుని ఎన్నేళ్ళు మైకులు బాగుచేశాడో చెప్పాడు, ఆయన వేసిన జోకులు రెండు చెప్పాడు, ఊరికే ఇచ్చినదాన్ని ఊరికే పుచ్చుకున్న మనిషి అన్నాడు. తమ్ముడి ఊసు ఒక్కటీ ఎత్తలేదు. అలాగే చెయ్యమని మాస్టారు ముందే ప్రాధేయపడ్డాడు. వచ్చినవాళ్ళలో కొందరికి అది నచ్చలేదు. "పద్నాలుగేళ్ళు చాకిరీ చేసినవాణ్ణి ఒక్కమాట తలచుకోలేదు చూడు" అని గేటు దగ్గర గొణుక్కున్నారు. మాస్టారి చెవిన పడింది. తల వంచుకుని నడిచాడు. వాళ్ళ మాటకు ఒక్క క్షణం గుండె వెచ్చబడిందని, అది కూడా ఆ మట్టి ఆరకముందేనని, ఇంటికొచ్చాక భార్యతో మాత్రం చెప్పి ఏడ్చాడు.

తర్వాతి ఆదివారం ఆవిడ తయారై వాకిట్లో నిలబడితే, ఆయన ఇంకా లోపల కుర్చీలోనే ఉన్నాడు.

"అన్నయ్య పరలోకానికే వెళ్ళి ఉంటాడంటావా?" అని అడిగాడు.

"వెళ్ళక? ఆయన కాకపోతే ఇంకెవరు వెళ్తారు?"

"మరి నేనో?"

ఆవిడ గడపలోంచి లోపలికి తొంగి చూసింది. ముప్పై ఏళ్ళుగా చూస్తున్న మనిషి, చిన్నపిల్లాడిలా జవాబు కోసం చూస్తున్నాడు.

"దేవుణ్ణి అడగాల్సిన మాట నన్నడిగితే ఎలా? ముందు చెప్పులేసుకో. మొదటి పాట అయిపోయి ఉంటుంది."

మాస్టారు చెప్పులేసుకున్నాడు. వాళ్ళు వెళ్ళేసరికి నిజంగానే మొదటి పాట అయిపోయింది. ముందు వరసలో ఎవరో జరిగి చోటిచ్చారు. ఆయన చూడనట్టే వెనక, తలుపు పక్కన ఖాళీగా ఉన్న కుర్చీలో కూర్చున్నాడు.